ఎవరితో నవ్వుదాము?



నవంబరు నెల వచ్చిందంటే మన సంఘములలో యౌవనస్థులకు క్రిస్మస్ కార్యక్రమముల పని మొదలవుతుంది. పాటలు నేర్చుకుంటారు. గొర్రెల కాపరులకు దుప్పట్లు, జ్ఞానులకు అట్ట కిరీటములు సిద్ధమవుతాయి. చివరకు ఒక ప్రశ్న మిగులుతుంది: "నవ్వించే స్కిట్ ఏది వేద్దాం?" చాలా చోట్ల దీనికి జవాబు ఒక్కటే. తాగి తూలే భర్త, నత్తిగా మాట్లాడే పనివాడు, యాసతో మాట్లాడే పల్లెటూరి అత్త. అందరూ నవ్వుతారు. అయితే అదే చాపల మీద నత్తితో బాధపడే ఒక పిల్లవాడు కూర్చుని ఉండవచ్చు. తాగే భర్తతో నలిగిపోతున్న ఒక తల్లి కూర్చుని ఉండవచ్చు. క్రీస్తు పుట్టుకను పండుగ చేసుకొనే రాత్రి వారు తలవంచుకొని ఇంటికి వెళ్లవలెనా?

నవ్వు తప్పు కాదు. ప్రసంగి 3వ అధ్యాయములోని కాలముల వరుసలో నవ్వుటకు కూడ చోటున్నది. మంచి నవ్వు ఎలా పుడుతుంది అన్నదే ప్రశ్న. ఈ విషయములో దూరదేశపు నాటక బృందమొకటి పనిచేసిన తీరు మనకు ఉపయోగపడునని తలంచి ఇక్కడ వ్రాస్తున్నాము.

అమెరికాలోని చికాగో నగరములో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అను ఇద్దరు స్త్రీలు 'హల్ హౌస్' అను సేవాగృహమును ప్రారంభించారు. పరదేశముల నుండి వలస వచ్చిన పేద కుటుంబములకు అది ఆశ్రయము. జేన్ ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ గృహములో నీవా బాయిడ్ అను ఉపాధ్యాయురాలు ఆటల ద్వారా బోధించే పద్ధతిని నేర్పేవారు. ఆమె వద్ద 1924 నుండి శిక్షణ పొందిన వయోలా స్పోలిన్, 1939లో ప్రభుత్వ ఉపాధి పథకము క్రింద నాటక పర్యవేక్షకురాలై వలస కుటుంబముల పిల్లలతో పనిచేశారు.

ఆ పిల్లల భాషలు వేరు, అలవాట్లు వేరు. నటన గూర్చి ఉపన్యాసములిస్తే వారికి ఎక్కవు. అందుచేత ఆమె ఆటలు కల్పించారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు చేయి ఎత్తితే రెండవవారు అద్దములోని బొమ్మవలె అలాగే ఎత్తాలి. మరొక ఆటలో రెండు జట్లు లేని తాడును ఉన్నట్లే పట్టుకొని లాగాలి. ఎదుటివారిని కనిపెట్టి చూడనిదే ఈ ఆటలు సాగవు. ఆమె ప్రక్కన నిలబడి, ఆట ఆపకుండానే ఒకటి రెండు మాటలతో దారి చూపేవారు. మెప్పు కొరకు ఆశపడేవాడును, తప్పు పడతారని భయపడేవాడును స్వేచ్ఛగా ఆడలేడని ఆమె గ్రహించారు. ఈ ఆటలన్నిటినీ 1963లో గ్రంథముగా వెలువరించారు.

ఆమె కుమారుడు పాల్ సిల్స్ మరి ఇద్దరు మిత్రులతో కలిసి 1959 డిసెంబరు 16న 'సెకండ్ సిటీ' అను చిన్న హాస్య నాటకశాలను తెరిచారు. అంతకుముందు ఆ స్థలములో ఒక చైనీయుల లాండ్రీ ఉండేది. ఒక న్యూయార్క్ పత్రికా రచయిత చికాగోను రెండవ తరగతి నగరమని ఎగతాళి చేయగా, వీరు కోపగించక ఆ మాటనే తమ పేరుగా పెట్టుకున్నారు. ముందుగా తమను చూచి తామే నవ్వుకున్నారన్నమాట!

వారు కొత్త ప్రదర్శన తయారుచేసే విధానము ఇది. ఒక రచయిత గదిలో కూర్చుని మొత్తము వ్రాసి ఇవ్వడు. పాత ప్రదర్శన ముగిసిన తరువాత నటులు ప్రేక్షకులను ఒక స్థలమో, ఒక సంగతియో చెప్పమని అడిగి, అప్పటికప్పుడు కల్పించి ఆడతారు. ఒకరు ఒక మాట అంటే రెండవవారు కాదనరు. "అవును" అని అంగీకరించి, దానికి మరొకటి జోడిస్తారు. అలా పుట్టిన వాటిలో చాలా వరకు నిలువవు. నిలిచిన వాటిని మరునాడు దర్శకునితో కూర్చుని సరిచేస్తారు, మరల ఆడి చూస్తారు. పగలు కొత్త ప్రదర్శనకు సాధన, రాత్రి పాత ప్రదర్శన. వారముల తరబడి ఇలా జల్లెడ పట్టగా కొత్త ప్రదర్శన తయారవుతుంది. వారి హాస్యమంతా మన గృహములకు తగినదని మేము చెప్పము. అయితే ఎదుటివాని మాట పూర్తిగా వినుట, వాని చేయి విడువకుండుట అను క్రమశిక్షణ మన కూటములకు తప్పక కావాలి.

ఆదికాండము 21వ అధ్యాయములో రెండు నవ్వులున్నవి. ఇస్సాకు అను పేరుకు అర్థమే నవ్వు. వృద్ధాప్యములో బిడ్డను కన్న శారా, విన్నవారందరు తనతో కలిసి నవ్వుదురని సంతోషించింది. కొద్ది వచనముల తరువాత, ఆ బిడ్డ పాలు విడిచిన విందు దినమున, ఇష్మాయేలు పరిహాసపు నవ్వు వినబడింది. దానితో అబ్రాహాము ఇల్లు రెండుగా చీలింది. ఒక తల్లి, కొడుకు అరణ్యము పాలయ్యారు. మొదటి నవ్వు అందరిని చేర్చుకొన్నది. రెండవ నవ్వు విందులోనే విరోధము తెచ్చింది.

కనుక యౌవనస్థులారా, ఈసారి సినిమా కామెడీని తెచ్చి వేయకుడి. నాలుగు సాయంకాలములు కూడుకొని అద్దపు ఆట ఆడుడి. ఎప్పుడును వేదిక ఎక్కని పిల్లను కూడ పిలువుడి. ఆ పిల్ల చెప్పిన మాటకు "అవును" అనుడి. నవ్వుటకు మనలోనే కావలసినంత ఉన్నది. అయిదు నిమిషములని చెప్పి అరగంట ప్రకటనలు చదువుట, ఆరాధనకు ఆలస్యముగా వచ్చి ముందు వరుసలో చోటు వెదకుట, క్రొత్త బట్టలు నలుగునని మోకరించకుండుట. వీటిని చూచి పెద్దలు కూడ నవ్వుకొని, ఇంటికి వెళ్లి ఆలోచింతురు.

తల్లిదండ్రులారా, భోజనాల వేళ పిల్లల ముందు మనము ఎవరి నడకను, ఎవరి రంగును, ఎవరి మాటను అనుకరించి నవ్విస్తున్నామో గమనించుకొందము. మన పిల్లల స్కిట్లకు మొదటి సాధన జరిగేది అక్కడే.

స్కిట్ సిద్ధమైన తరువాత ఒక్కటే పరీక్ష. ఎవరిని గూర్చి నవ్వు పుట్టుచున్నదో ఆ మనిషి ముందు వరుసలో కూర్చుంటే మనతో కలిసి నవ్వగలడా? నవ్వగలిగితే ఆడుడి. లేనియెడల ఆ భాగము తీసివేయుడి.

ఈ క్రిస్మస్‌లో ప్రభువు మన గృహములను శారా నవ్విన నవ్వుతో నింపును గాక.