గన్ స్టాళ్ల సందడి తగ్గింది.. కరీంనగర్ షూటర్లకు నష్టమేంటి?

షూటింగ్ పోటీలంటే పక్కనే గన్ స్టాళ్లు ఉండాల్సిందే.. ఇది ఒకప్పటి మాట. అమెరికాలోని క్యాంప్ పెర్రీ పోటీల దగ్గర ఆ సందడి బాగా తగ్గింది. కొవిడ్‌తో 2021లో లాస్ వెగాస్ షాట్ షో, జర్మనీ ఐడబ్ల్యూఏ ఎగ్జిబిషన్ రెండూ రద్దయ్యాయి. అవి మళ్లీ మొదలైనా, కొనుగోళ్లు ఆన్‌లైన్ వైపు మళ్లాయి.

మరి మనకేంటి? హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ ఇషా సింగ్ 4 పతకాలు కొట్టిన ఆట ఇది. టాప్ షూటర్లు వాడే పిస్టళ్లలో చాలావరకు జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీవే. గ్రిప్ చేతికి సరిపోతుందో లేదో ఫొటో చూస్తే తెలీదు.. పట్టుకుని చూడాల్సిందే.

కరీంనగర్ నుంచి గచ్చిబౌలి రేంజ్‌కి 160 కిలోమీటర్ల పైమాటే. స్టాల్ లేకపోతే సీనియర్ల గన్ అడిగి చూడాలి, లేదంటే లక్షలు పెట్టి గుడ్డిగా కొనాలి. రాష్ట్ర పోటీల దగ్గర ఒక్కరోజు డెమో కౌంటర్ పెట్టినా జిల్లా పిల్లలకు ఆ తిప్పలు తప్పుతాయి.