పుస్తెలతాడు కుదువ పెట్టకముందే ఈ కాగితం చదవండి

చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్, కేతేపల్లి మండలాల్లో 65వ నంబరు జాతీయ రహదారి పక్కన బతుకుతున్న అక్కలారా, అన్నలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

పొద్దుగూకి చేను కాడి నుంచి వస్తుంటే కారు గుద్దుతుంది. 108లో ఎక్కిస్తారు, లేదంటే దొరికిన ఆటోలో వేసుకుని పరుగెత్తుతారు. ఆస్పత్రి కౌంటరు దగ్గర మొదటి మాట, "ముందు యాభై వేలు కట్టండి, తర్వాత స్కానింగుకు పంపుతాం." ఇల్లాలు అక్కడికక్కడే మెడలో పుస్తెలతాడు తీసి మరిది చేతిలో పెడుతుంది. తెల్లారేసరికి నూటికి మూడు రూపాయల మిత్తికి ఇంకో లక్ష తెస్తారు. పాడిన చిట్టీ పోతుంది, ఆఖరుకు అర ఎకరం బేరానికి వస్తుంది. కాలు అతుక్కున్నాక కూడా అప్పు అతుక్కునే ఉంటుంది. మన ఊళ్లలో ఇలా చితికిన ఇళ్లు ఎన్నో మీకే తెలుసు.

ఆ బిల్లంతా మీరే మోయాలని ఏ చట్టంలోనూ లేదు. బంగారం తీసే ముందు, భూమి కాగితం పట్టుకెళ్లే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అడగకపోతే ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పడం లేదు. అందుకే ఈ కరపత్రం.

కేంద్ర ప్రభుత్వం 2025 మే 5న ఒక పథకం తెచ్చింది. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, గాయపడ్డ మనిషికి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1 లక్షా 50 వేల రూపాయల దాకా, పథకంలో ఉన్న ఆస్పత్రిలో పైసా కట్టకుండా వైద్యం చేయాలి. తప్పెవరిదని అడగకూడదు. పేదా గొప్పా చూడకూడదు. పథకంలో లేని ఆస్పత్రికి తీసుకెళ్లినా ప్రాణం నిలబెట్టే వైద్యం చేసి అప్పుడు పంపాలి. పోలీసులు ఇది రోడ్డు ప్రమాదమేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తే ఆస్పత్రికి డబ్బు ప్రభుత్వం ఏర్పాటు చేసిన నిధి నుంచి వస్తుంది. ఇది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. చట్టంలో ఈ మాట 2019లోనే రాశారు. అయినా పథకం రాకపోతే, సుప్రీంకోర్టు 2025 జనవరిలో గడువు పెట్టి మరీ తెప్పించింది. ఆ నిధిలో ఇన్సూరెన్సు కంపెనీల వాటా ఉంది. అంటే ఏటేటా బండికి మనం కట్టే ప్రీమియం డబ్బే. మన డబ్బు మనం అడగడానికి మొహమాటం ఎందుకు?

కాబట్టి కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న మీదే కావాలి: "ఇది రోడ్డు యాక్సిడెంట్ కేసు. మీ ఆస్పత్రి క్యాష్‌లెస్ పథకంలో ఉందా?" లేదంటే 112కు ఫోన్ చేసి దగ్గర్లో ఏది ఉందో అడగండి. రెండో ప్రశ్న, "ఆరోగ్యశ్రీ చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారు?" ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి ఏడాదికి 10 లక్షలు. ఏడు రోజులు దాటాక కూడా ఆపరేషన్లకు అదే ఆసరా. ఇక డబ్బు కట్టలేదని ప్రాణాపాయంలో ఉన్న మనిషిని గేటు దగ్గరే తిప్పి పంపడం చట్ట విరుద్ధం. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

ఇప్పుడు చెప్పేది మరింత జాగ్రత్తగా వినండి. మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

మొదటిది ఆస్పత్రిలో చెప్పే మాట. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు, "ఎట్లా జరిగింది?" అని అడుగుతాడు. పోలీసు కేసంటే భయంతోనో, గుద్దినోడు మనూరోడే అన్న మొహమాటంతోనో, పక్కనున్న బంధువు "బండి జారి పడ్డాడు సార్" అంటాడు. ఆ ఒక్క ముక్క కేసు షీటులో ఎక్కుతుంది. ఆరు నెలల తర్వాత మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్సు కంపెనీ వకీలు మొట్టమొదట తెరిచేది ఆ పేజీనే. "తనే పడ్డాడని ఆస్పత్రి రికార్డే చెబుతోంది" అంటాడు. లక్షల పరిహారం ఆ ముక్క దగ్గర ఆగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ బండి, ఏ రంగు, నంబరు తెలిస్తే నంబరు. మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి. ఎఫ్ఐఆర్ నకలు బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి, తీసుకోండి.

రెండోది రాజీ. మర్నాడే పెద్దమనుషులు కూర్చుంటారు. "ఇరవై వేలు ఇస్తాడు, కేసొద్దు, పాపం వాడూ పిల్లలు గలోడు" అంటారు. అన్నా, ఒక్క సంగతి తెలుసుకోండి. బండికి ఇన్సూరెన్సు ఉంటే పరిహారం ఆయన జేబులోంచి పోదు, కంపెనీ కడుతుంది. థర్డ్ పార్టీ బీమాను చట్టం తప్పనిసరి చేసింది ఇందుకే. మీరు కేసు పెడితే ఆయన ఇల్లు కూలదు, మీరు పెట్టకపోతే మీ ఇల్లు కూలుతుంది. ఊళ్లో మాట పోకూడదని ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి.

మూడోది బిల్లులు. మెడికల్ షాపులో ఇచ్చే నున్నటి చిన్న చీటీ చూశారా? కొన్నాళ్లకే దాని మీద అక్షరాలు మాసిపోతాయి. బీరువాలో భద్రంగా దాచినా కోర్టుకు తెచ్చేసరికి తెల్ల కాగితం మిగులుతుంది. కొన్న రోజే జిరాక్సు తీయించి అసలుతో కలిపి పిన్ను కొట్టండి, ఫోనులో ఫోటో తీయండి. ప్రతి బిల్లు మీద రోగి పేరు ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, స్కానింగు రిపోర్టులు, ఆటోకు, అంబులెన్సుకు ఇచ్చిన డబ్బుల రసీదులు, అన్నీ ఒకే కవరులో పెట్టండి. మందుల ఖర్చే కాదు, పోయిన కూలి, తోడున్న మనిషి ఖర్చు, పౌష్టికాహారం, ముందు ముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్, పడ్డ నొప్పి, వీటన్నిటికీ పరిహారం అడగవచ్చు. చేయో కాలో శాశ్వతంగా దెబ్బతింటే మెడికల్ బోర్డు నుంచి వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోండి.

మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు 6 నెలలు. ప్రమాదం ఎక్కడో జరిగినా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఎవరి తప్పో తేల్చకుండానే పరిహారం కావాలంటే తీవ్ర గాయానికి 2 లక్షల 50 వేలు, మరణానికి 5 లక్షలు అడిగే దారి కూడా ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరకలేదా? ఊరుకోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అలాంటి కేసుల్లో తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. దరఖాస్తు ఇవ్వాల్సింది ఆర్డీవో లేదా తహసీల్దార్ ఆఫీసులో, మంజూరు చేసేది కలెక్టర్. ఈ డబ్బు ఉందని తెలియకే ఎందరో అడగకుండా ఉండిపోతున్నారు.

ఆస్పత్రి మంచం దగ్గరికే వచ్చి "కేసు నేను చూసుకుంటా, వచ్చినదాంట్లో ముప్పై శాతం నాకు" అనేవాళ్లను నమ్మకండి. గెలిస్తే ఇంత వాటా అని ఒప్పందం చేసుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పేదలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. నంబరు 15100.

రోడ్డు మీద పడ్డ మనిషిని చూసి పోలీసులు, కోర్టులు అని భయపడి వెళ్లిపోయే తమ్ముళ్లకు ఒక మాట. ఆస్పత్రికి చేర్చినవాళ్లు పేరు చెప్పాల్సిన పనే లేదు. సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు, బిల్లు కట్టమనకూడదు. ఇదీ చట్టమే. మొదటి గంటలో చేర్చితే బతికే మనిషి మన భయం వల్ల పోకూడదు.

ఇక మనం చేయాల్సింది. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు నల్లగొండ కలెక్టరేట్‌లో ప్రజావాణికి అందరం కలిసి వెళ్తున్నాం. హైవే పక్కన ఉన్న ప్రతి ఆస్పత్రి తాను క్యాష్‌లెస్ పథకంలో ఉందో లేదో క్యాజువాలిటీ తలుపు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. యాక్సిడెంట్ కేసులో అడ్వాన్సు అడిగిన ఆస్పత్రి మీద ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, ఫోను నంబరు ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద ఉండాలి. గుద్ది పారిపోయిన కేసుల్లో ఆగిపోయిన దరఖాస్తుల జాబితా బయటపెట్టాలి. ఈ మూడూ రాసి కలెక్టర్ గారి చేతికిస్తాం, రసీదు తీసుకుంటాం.

ఇంట్లో ప్రమాదం జరిగినవాళ్లు ఆస్పత్రి బిల్లులు, ఎఫ్ఐఆర్ నకలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు వెంట తెచ్చుకోండి. పాతవైనా తెండి, గడువు దాటిందని మీరే తీర్మానించుకోకండి. నకిరేకల్, కట్టంగూరు వాళ్లు ఎనిమిదిన్నరకల్లా బస్టాండుకు రండి. నడవలేనివాళ్లను ఎక్కించుకోవడానికి ఆటో తమ్ముళ్లు ముందుకు రావాలి.

— రోడ్డు ప్రమాద బాధితుల కుటుంబాలు, హైవే పక్క ఊళ్లు, నల్లగొండ జిల్లా