పైరు ఎత్తు కాదు, కంకి చూడాలి

ఇటీవల పనిమీద తార్నాక వెళ్లినపుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో మన జిల్లా విద్యార్థి ఒకరు కలిశారు. పోయిన ఏడు వాళ్ల నాన్న పాతర గడ్డి కోసం ఎకరం మొక్కజొన్న వేశారట. విత్తింది ఆశ్లేష కార్తెలో. పైరు మనిషిని మించి పెరిగింది గాని కంకి సరిగా పట్టలేదు. నీళ్లోడుతున్న చొప్పనే పాతర వేస్తే కుళ్లి కంపు కొట్టింది. ఎండాకాలంలో మేత లేక రెండు గేదెలను అమ్ముకున్నారు. "విత్తనం చెడ్డదా అన్నా?" అని ఆ అబ్బాయి అడిగాడు.

విత్తనాన్ని అనవలసిన పని లేదు. ఆఫ్రికన్ టాల్ వంటి రకం రోజూ కోసి వేసే పచ్చిమేతకు మేలైనది. పాతర గడ్డికి మాత్రం బలం గింజలోని పిండి వల్ల వస్తుంది. అందుకు కంకి బాగా పట్టే డి.హెచ్.ఎం. 117 వంటి సంకర రకాలే మేలని నా అభిప్రాయం. ఆ ఆవరణకు కూతవేటు దూరంలోని అంబర్‌పేటలో ఒకప్పుడు మొక్కజొన్న పరిశోధన సాగింది. ఇప్పుడది రాజేంద్రనగర్‌లో జరుగుతోంది. ఇంత దగ్గరి విద్య మన చేలకు చేరకపోవడమే విచారకరం.

ఏ రకమైనా గింజ పాలదశ దాటి పిండి కట్టేటప్పుడు కోయాలి. అప్పుడు పైరులో నీరు నూటికి 65 నుంచి 70 పాళ్లుంటుంది. ముక్కలను పిడికిట పట్టి నలిపితే చేయి తడవాలే గాని నీరు కారరాదు.

అదనును కోత నుంచి వెనక్కు లెక్కించాలి. వర్షాధారమైతే పునర్వసు కార్తె దాటనీయరాదు. ఆలస్యమైతే గింజ కట్టే వేళకు పదును ఆరిపోతుంది. 2018లో మన దేశంలో అడుగుపెట్టిన కత్తెర పురుగు బెడద కూడా ఎక్కువవుతుంది. బావి ఉన్నవారు అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి పక్షంలోగా విత్తితే, వాన భయం లేని రోజుల్లో కోసి, ఎండలు ముదిరేలోగా పాతర నింపుకోవచ్చు.

ఊరందరూ ఒకేరోజు విత్తితే ఉన్న ఒక్క చాఫ్ కట్టర్ ఎవరికి అందుతుంది? పది రోజుల తేడాతో వంతులు వేసుకోవాలి. రకం పేరు, విత్తే అదను, కోసే దశ ఈ మూడింటినీ వ్యవసాయ శాఖవారు మృగశిరకు ముందే ప్రతి పాలకేంద్రం గోడమీద రాయించాలి. ఖర్చు డబ్బా రంగు మాత్రమే. గేదెను అమ్ముకున్న ఇంటికి ఆ రంగు విలువ తెలుస్తుంది.