సంచి కోసినోళ్ళు మాత్ర ఎందుకు రాయలేదు?

మిరప కోతలప్పుడు ఆడకూలీల ముఠాతో గట్టు మీద కూర్చుని ఒక మాట అడిగాం. మీలో గర్భసంచి తీయించుకున్నోళ్ళు ఎంతమందమ్మా అని. ఎవరూ సిగ్గుపడలేదు. "ఒంట్లో సంచి లేదు గానీ ఈ సంచిలో అన్నముంది, తిందురు రాండి" అని ఒకక్క అందర్నీ నవ్వించింది. ఆ అక్కకు నలభై రెండేళ్ళు. సంచి తీసేసి పదేళ్ళయిందంట. అప్పుడు రెండో మాట అడిగాం. సంచి ఒక్కటే తీశారా, దాని పక్కనుండే అండాశయాలు కూడా తీశారా? నవ్వులు ఆగిపోయినయ్. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "అంతా శుభ్రంగా తీసేశామన్నారు" అంది ఒకామె. ఏది అంతా?

అమ్మిన మేకకు ఎన్ని పళ్ళున్నాయో చెప్పగల మనిషి, తన కడుపులోంచి ఏం తీశారో చెప్పలేకపోతోంది. తప్పు ఆమెది కాదు. ఆమెకు చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

ఇది ఒక ఊరి ముచ్చట కాదు. కేంద్ర ప్రభుత్వమే చేయించిన 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. 2019-21లో మళ్ళీ లెక్క తీస్తే తగ్గింది లేదు. పట్నం కన్నా పల్లెలో ఎక్కువ. చదువుకున్నోళ్ళ కన్నా బడి మొహం చూడనోళ్ళలో ఎక్కువ. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే అయినయ్. ఎందుకు తీయించుకున్నారంటే సగానికి పైగా చెప్పింది ఎక్కువ రక్తస్రావం, నొప్పి అని. ఈ రెంటికీ ముందు వాడి చూడాల్సిన మాత్రలున్నాయి, హార్మోన్ లూపు ఉంది. కత్తి ఆఖరున రావాలి. మన దగ్గర కత్తే ముందు.

ఎందుకలా అంటే, పత్తి చేలో పొద్దస్తమానం వంగి పనిచేసే మనిషికి గుడ్డ మార్చుకునే చాటు లేదు. ముట్టయిన రోజు కూలి మానితే పొయ్యి వెలగదు. తెల్లబట్ట అవుతుంటే ఆరెంపీ దగ్గరికి పోతుంది. ఆరెంపీ టౌనుకు పంపుతాడు, ఊరికే పంపడు. అక్కడ స్కానింగు తీస్తారు. "సంచికి పుండుంది, ఉంచితే క్యాన్సరుకు తిరుగుద్ది" అంటారు. ఆ ఒక్క మాటకు ఏ తల్లి తట్టుకుంటుంది? "పిల్లలాపరేషన్ అయింది కదా, ఇంకా దాంతో పనేముందమ్మా" అని ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో ఏడుగురికి పిల్లల ఆపరేషన్ అయిందని 2019-21 సర్వే చెబుతోంది, అదీ చాలామందికి పాతికేళ్ళు నిండకుండానే. ఇక మిగతా ఒళ్ళంతా లెక్కలో లేదన్నమాట. పంట ఇంటికొచ్చింది కదా అని చేను తవ్వి అవతల పోసుకునే రైతు ఎక్కడైనా ఉన్నాడా?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు కార్డు మీద కూడా జరిగినయ్. గోల లేచాక ఆ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. అయితే ఏం? వడ్డీకి తెచ్చి ప్రైవేటుకు కట్టటం ఆగలేదు.

అనవసరంగా కోస్తున్నారనే మాట చాలామంది చెప్పారు, కోర్టు దాకా పోయింది. దానికి మళ్ళీ వస్తాం. కోసిన తర్వాత ఏమైందనేది ఎవరూ చెప్పటంలేదు. ఈ పక్షం మా కోపం దాని మీద.

అండాశయాలు పిల్లల కోసమే ఉండేవి కావు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఎక్కువగా వాటిలోనే తయారవుతుంది. ఎముకలో సత్తువ నిలిపేది, గుండె నాళాల్ని కాచేది, నిద్ర పట్టించేది అదే. మన దేశపు ఆడవాళ్ళకు ముట్లుడిగేది సగటున 46, 47 ఏళ్ళకు. అప్పుడైనా ఈ హార్మోన్ కొన్నేళ్ళ మీద మెల్లగా తగ్గుతుంది, ఒళ్ళు అలవాటు పడుతుంది. రెండు అండాశయాలూ కోసేస్తే ఒక్క రోజులో పోతుంది. ముప్పై రెండేళ్ళ మనిషి తెల్లారేసరికి యాభై దాటిన ఒంటితో మంచం మీద లేస్తుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నడిరాత్రి చెమటలు, నిద్ర లేమి, ఊరికే ఏడుపు. మొగుడి దగ్గరికి పోతే మంట, నొప్పి. పోకపోతే ఇంట్లో తన్నులు. ఇవి కంటికి కనపడేవి. కనపడకుండా ఎముక గుల్లబారుతూ ఉంటుంది. నలభై ఐదేళ్ళ లోపే రెండూ తీసేసి, ఈస్ట్రోజన్ బయటినుంచి ఇవ్వకపోతే ఎముకలు విరగటం, గుండె జబ్బు, మతిమరుపు ఎక్కువవుతాయని వైద్యులు ఎన్నో ఏళ్ళనుంచి చెబుతున్న మాటే. సంచి మాత్రం తీసి అండాశయాలు ఉంచినా, కొంతమందికి అవి ముందుగానే పనిచేయటం మానేస్తాయి. సంచి లేకపోతే ముట్టు ఎటూ రాదు, కాబట్టి ముట్టును బట్టి కనిపెట్టే దారి కూడా లేదు.

మరి మన అక్కకు ఏమిచ్చారు? నెలరోజుల కాల్షియం మాత్రలు. ఆ తర్వాత నడుంనొప్పికి ఆరెంపీ సూది, కొన్నిచోట్ల స్టెరాయిడ్ మాత్ర. స్టెరాయిడ్ ఎముకను ఇంకా గుల్ల చేస్తుంది. అంటే పుండు మీద కారం.

దీనికో మందుంది. హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ అంటారు, పొట్టిగా హెచ్.ఆర్.టి. పోయిన హార్మోన్ను మాత్రగానో, చర్మానికి పూసే జెల్‌గానో మళ్ళీ ఇవ్వటం. చిన్న వయసులో అండాశయాలు పోయినోళ్ళకు, వేరే అడ్డు లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వరకు, అంటే సుమారు యాభై దాకా ఇవ్వాలన్నది ప్రపంచమంతా డాక్టర్లు ఒప్పుకున్న పద్ధతి. సంచి లేనివాళ్ళకు ఈస్ట్రోజన్ ఒక్కటి సాధారణంగా చాలు. సంచి ఉన్నవాళ్ళకు ప్రొజెస్టిరోన్ కూడా కలపాలి, లేకపోతే సంచి లోపొరకు క్యాన్సరు రావచ్చు.

అడిగితే డాక్టరుగారేమంటారు? "హార్మోన్లు ప్రమాదమమ్మా, రొమ్ము క్యాన్సరొస్తుంది." ఈ భయం ఎక్కడిదో చూద్దాం. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరీక్షను మధ్యలో ఆపేశారు. 16,608 మందికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. మందు వేసుకున్నోళ్ళలో ఏడాదికి పదివేలమందిలో ఎనిమిదిమందికి ఎక్కువగా రొమ్ము క్యాన్సరు కనపడింది. నిజమే. కానీ వాళ్ళెవరు? యాభై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ళ వాళ్ళు, సగటు వయసు అరవై మూడు. సంచి ఉన్నవాళ్ళు. సంచి లేనివాళ్ళకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన పరీక్ష వేరే ఉంది. అది 2004లో పక్షవాతం కొంచెం పెరిగిందని ఆగింది గానీ, అందులో రొమ్ము క్యాన్సరు పెరగలేదు. అరవై మూడేళ్ళ అమెరికా ముసలమ్మల లెక్క చూపించి, ముప్పై రెండేళ్ళ మన చెల్లెలికి మందు ఆపటం ఏం వైద్యం? కోసేటప్పుడు లేని క్యాన్సరును చూపించి భయపెట్టారు. మందు అడిగితే మళ్ళీ అదే క్యాన్సరు!

మేము మందుల కంపెనీల తరఫున మాట్లాడటంలేదు. ఆ కంపెనీల చరిత్ర తెలుసు. 1942 నుంచి అమెరికాలో అమ్మిన ప్రెమారిన్ మాత్ర చూలు గుర్రాల మూత్రంలోంచి తీసింది (నవ్వొస్తే నవ్వండి). ఎప్పటికీ వయసు తరగదని ఆశపెట్టి కలిగినోళ్ళ ఇళ్ళల్లో దశాబ్దాలు అమ్మారు. వయసు దాచుకోటానికి మనకు మాత్ర అక్కర్లేదు. మనం అడిగేది ఆసుపత్రి తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వమని. "అంతా కంపెనీల మోసం" అని కొట్టిపారేసే మన స్నేహితులు కూడా ఈ తేడా చూడాలి. పట్నంలో నలభై ఎనిమిదేళ్ళ అమ్మగారు ఆవిర్లొస్తున్నాయంటే గంట కూర్చోబెట్టి లాభం, నష్టం వివరిస్తారు. మన అక్కకు "కూలోళ్ళు మాత్రలు సరిగ్గా వాడరు" అని జవాబు. బీపీ మాత్ర పీహెచ్‌సీలో తీసుకుని రోజూ వేసుకునేది ఎవరు మరి?

నరేంద్ర గుప్తా అనే డాక్టరు 2013లో సుప్రీంకోర్టులో అనవసర ఆపరేషన్ల మీద కేసు వేశారు. 2023 ఏప్రిల్ 5న తీర్పొచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది. జిల్లాల్లో నిఘా కమిటీలు అందులో ఉన్నయ్. మీ జిల్లా కమిటీలో ఎవరున్నారో కలెక్టరు కార్యాలయంలో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద రాసివ్వండి. ఇక ముందు కోతలు ఆపటంతో పని అయిపోదు, ఇప్పటికే కోయించుకున్నోళ్ళ సంగతి తేల్చమని అడగాలి: అండాశయాలు తీశారా లేదా తెలుగులో రాసిన కాగితం, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, అవసరమైనోళ్ళకు ఉచితంగా మందు.

మెడికల్ షాపులో మీ అంతట మీరు కొనుక్కోవద్దు. రొమ్ము క్యాన్సరు వచ్చినోళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినోళ్ళు, గుండెపోటో పక్షవాతమో వచ్చినోళ్ళు, కాలేయం చెడినోళ్ళు, కారణం తెలియకుండా రక్తం పోతున్నోళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. వాళ్ళకు దారి వేరే.

కార్యకర్తలు వాడవాడకూ తిరిగి నలభై ఐదేళ్ళలోపు ఆపరేషన్ అయినోళ్ళ పేర్లు రాయండి. ఏ ఏడు, ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చు, డిశ్చార్జి కాగితం ఉందా. కాగితం పెట్టె అడుగున ఉంటే తీయించి జిరాక్సు చేయించండి. లేనోళ్ళను పదిమందిగా కలిపి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అండాశయాలు ఉన్నాయో లేదో స్కానింగులో చూసి, అవసరమైతే హార్మోన్ రక్తపరీక్ష చేసి, డాక్టరు చేత్తో చీటీ మీద రాయించుకుని రండి.