బస్సుకీ రోడ్డంచుకీ మధ్య సందు

2015 అక్టోబరులో అమెరికా ఆస్పత్రులు కొత్త వ్యాధి సంకేతాల పద్ధతికి మారినప్పుడు జనం కొన్నాళ్లు నవ్వుకున్నారు. తాబేలు తగిలి దెబ్బతిన్నవాడికీ అందులో ఒక నంబరుంది మరి. ఆ పద్ధతికి మూలమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వి61.4 అని ఇంకోటుంది. లారీలాంటి పెద్ద బండి ఎక్కుతూనో దిగుతూనో ఉన్న మనిషిని సైకిలు గుద్దితే ఆ నంబరు వేస్తారు. బస్సయితే వి71.4. తాబేలు సంగతి నాకు తెలియదు గానీ, ఈ రెండూ ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా చింతూరు దాకా సాగే అడవి దారులను చూసి రాసినట్టే ఉన్నాయి.

మిర్చి కోతల రోజుల్లో పొద్దున్నే ఏదైనా ఊరి చివర నిలబడితే చాలు. కూలీలు ట్రాక్టరు ట్రక్కుల్లో, డీసీఎంలలో వస్తారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీలు కూడా వాళ్లలో ఉంటారు. ట్రక్కుకి మెట్లుండవు. ఆడవాళ్లు ముందు సద్దిగిన్నె కిందికి అందించి, రోడ్డుకి వీపు పెట్టి, టైరు మీద ఒక కాలు మోపి, రెండో కాలితో నేల వెతుక్కుంటారు. అప్పుడు వాళ్ల కంటి ముందున్నది ట్రక్కు రేకు ఒక్కటే. ఇంజను ఆపరు కాబట్టి వెనక సైకిలు బెల్లు కొట్టినా వినపడదు.

పల్లెవెలుగు బస్సుది ఇంకో తీరు. తారు అంచు దాటితే మట్టి కుంగి ఉంటుంది. వానాకాలంలో బస్సు దించితే చక్రం దిగబడుతుందని డ్రైవరు తారు మీదే ఆపుతాడు. అతన్ని తప్పు పట్టలేం. అలా ఆపినప్పుడు బస్సుకీ అంచుకీ మధ్య కాస్త సందు మిగులుతుంది. సైకిలు నేర్చుకున్న రోజే ఎడమ పక్కనే పొమ్మని చెబుతారు. బస్సు తలుపులూ ఎడమ పక్కనే. కుడివైపు నుంచి దాటుదామంటే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఎదురొస్తుంటాయి. దాంతో సైకిలతను సందులో దూరతాడు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఫుట్‌బోర్డు మీద రద్దీ పెరిగింది. పథకం మంచిదే. దిగే చోటు మాత్రం పాతదే.

‘సైకిలుకి బ్రేకుల్లేవా’ అని అడిగేవాళ్లున్నారు. వెనక కట్టెల మోపు, ముందు బియ్యం సంచి పెట్టుకుని వాలులో దిగేవాడికి, అందులోనూ తడిసిన రిమ్ముతో, బ్రేకు ఎంత పని చేస్తుందో తొక్కినవాళ్లకి తెలుసు. అటు ఛత్తీస్‌గఢ్, ఇటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచాయి. అవి తొక్కడానికి రోడ్డు అంచున జానెడు చోటు మాత్రం ఎవరూ పంచలేదు.

దెబ్బ చిన్నదే అనుకోవడం అసలు ప్రమాదం. తుంటి ఎముక విరిగిన ముసలామె సంగతి కళ్లకి కనిపిస్తుంది. హ్యాండిలు కొస కడుపులో గుచ్చుకుంటే పైన రూపాయి బిళ్లంత కందిన మచ్చే ఉంటుంది, లోపల ప్లీహమో కాలేయమో చిట్లవచ్చు. ‘సైకిలే కదా’ అని ఇంటికి పంపేస్తే రాత్రికి పరిస్థితి చేయి దాటుతుంది.

ఇక కాగితాల మాట. కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే ప్రమాదాల నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఎదురెదురుగా గుద్దుకున్నవి, వెనక నుంచి తగిలినవి, ఆగి ఉన్న బండిని ఢీకొన్నవి అని అందులో పద్దులుంటాయి. ఎక్కుతూ దిగుతూ దెబ్బతిన్నవాళ్లకి పద్దు లేదు. సైకిలు గుద్దిందంటే మోటారు వాహనం ఊసే రాదు. ట్రాక్టరు అప్పటికే చేలోకి వెళ్లిపోయి ఉంటుంది.

నా అభ్యంతరం ఇక్కడే. బండి ఆపిన తీరే దిగే మనిషినీ సైకిలతన్నీ ఒక సందులోకి తోసింది. ప్రమాదకరంగా బండి నిలపకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతూనే ఉంది. పరిహారానికి ‘వాహనం వాడకం వల్ల’ జరిగిన ప్రమాదమై ఉండాలి. ఆ మాటకి విస్తృతార్థం చెప్పుకోవాలని 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ పెట్రోలు ట్యాంకరు బోల్తాపడ్డ కొన్ని గంటలకు పేలింది. కదలని బండి పేలితే అది వాడకమైనప్పుడు, కూలీలను దించడానికి ఆగిన ట్రక్కు ఎందుకు కాదు? బీమా కంపెనీలు ఒప్పుకోవు సరే, అడిగేవాళ్లు కూడా లేరు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా వర్తించదని 2002 నాటి ఆశారాణి తీర్పు ఉండనే ఉంది. కానీ కాలు నేల మీద పెట్టిన కూలీ ఇంకా ప్రయాణికురాలేనా, దారిన పోయే మనిషా అన్నది లాయర్లు గట్టిగా వాదించాల్సిన ప్రశ్న. సైకిలతనైతే ఆ బండి ఎక్కనే లేదు.

డెన్మార్క్‌లో బస్సు నేరుగా సైకిలు దారిలోకి ప్రయాణికుల్ని దించే చోట సైకిలతనే ఆగాలి. వీలైన చోట సైకిలు దారిని స్టాపు వెనక నుంచి తిప్పుతారు. మనకి అంత అక్కర్లేదు. ఊరి స్టాపుల దగ్గర బస్సు పూర్తిగా పక్కకి దిగేంత మేర అంచు గట్టిపరిస్తే సందే ఉండదు. భద్రాచలం ఏరియా ఆస్పత్రికి మూడు రాష్ట్రాల క్షతగాత్రులు వస్తారు. సైకిలు దెబ్బ రాసేటప్పుడు ‘ఏ బండి దిగుతుండగా’ అని ఒక గడి చేరిస్తే, ఏ స్టాపు దగ్గర ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయో ఒక సీజనులో తేలిపోతుంది.

మిర్చి మేస్త్రీలు మాత్రం ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. ట్రక్కు పక్కన కాకుండా వెనకవైపు రెండు ఇనప మెట్లు వేయిస్తే, దిగే మనిషి వచ్చే సైకిలుకి దూరం నుంచే కనబడుతుంది. ఊళ్లో వెల్డింగ్ షాపులో అది ఒక పూట పని.