కామిక్ చదవనోడే అసలు జడ్జి

హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా ఒకటి ఫ్లాప్ అయితే చాలు, రెండు మాటలు వినపడతయ్. "పుస్తకంల ఉన్నట్టు తీయలే" అంటడు ఒకడు. "గ్రాఫిక్స్ బాగలేవు" అంటడు ఇంకొకడు. రెండిట్ల ఎంతో కొంత నిజం ఉన్నది గాని అసలు సంగతి వేరే ఉన్నది.

మన ఊర్లల్ల మార్వెల్, డీసీ కామిక్ పుస్తకం చేతపట్టినోళ్లు ఎంతమంది? చందమామ, బాలమిత్ర చదివిన ఇండ్లల్ల గూడ ఆ పుస్తకాలు కనపడేటివి కావు. అయినా స్పైడర్‌మ్యాన్ తెలుగు మాట్లాడుకుంట వస్తే మనోడే అనిపించిండు. అసొంటి సినిమాలే ఇంకొన్ని వస్తే మధ్యలనే ఫోన్ తీసి రీల్స్ చూసుకున్నం. పుస్తకం మొఖం చూడని మనసొంటోళ్లకు ఏ సినిమా ఎక్కింది, ఏది ఎక్కలే అని చూస్తే, అవి ఎందుకు ఆడతయో ఎందుకు పోతయో తెలుస్తది.

స్పైడర్‌మ్యాన్ నుంచే షురూ చేద్దాం. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి 1962ల పుట్టించిన పాత్ర ఇది. 40 ఏండ్లకు, 2002ల సామ్ రైమి సినిమా తీసిండు. అమెరికాల మొదటి మూడు రోజులల్లనే 10 కోట్ల డాలర్లు దాటిన మొదటి సినిమా అదే. గోడలు ఎక్కుడు, సాలెతీగలు విసురుడు అందరికీ యాదికున్నయ్. కథ నిలబడ్డది మాత్రం ఇంకోచోట. పీటర్ పార్కర్‌కు కారు కొనుక్కోవాలని ఉంటది. కుస్తీ పోటీల నిలబడితే 3 వేల డాలర్లు ఇస్తమన్నోడు, ఆఖరికి 100 చేతుల పెట్టి పొమ్మంటడు. అంతలనే ఒక దొంగ వానిని దోచుకొని ఉరుకుతుంటే, పీటర్ కావాలనే పక్కకు జరిగి దారి ఇస్తడు. ఆ రాత్రే పెంచి పెద్దచేసిన పెద్దబాపు బెన్ ప్రాణం పోతది. ఉరికి పట్టుకుంటే, ఎదురుంగ తను వదిలిపెట్టిన ఆ దొంగే.

కూలి పైసలు ఎగ్గొట్టినోని మీద కోపం మనకు తెల్వదా? "వాని పైసలు పోతే నాకేంది" అనుకునుడు తెల్వదా? న్యూయార్క్ పోరడు మనకు దగ్గరయ్యింది అక్కడనే. సాలీడు కుడితే వచ్చిన శక్తి కంటే, ఒక్క నిమిషం తప్పు చేసి జీవితమంతా దాని బాకీ కట్టుడే మనకు పట్టింది. అది తెల్వనీకి ఏ పుస్తకమూ చదవాల్సిన పని లేదు.

ఇగ 2008ల వచ్చిన ఐరన్‌మ్యాన్. 1963 కామిక్‌ల టోనీ స్టార్క్ వియత్నాంల దెబ్బ తింటడు. సినిమాకు వచ్చేసరికి దాన్ని ఆఫ్ఘనిస్తాన్ చేసిండ్రు. పుస్తకంల ఉన్నట్టే తీయాలె అనేటోళ్ల లెక్కన చూస్తే ఇది పెద్ద తప్పే. గాని ఆయుధాలు అమ్ముకొని బతికే మనిషి, యుద్ధంల తానే బాంబు దెబ్బ తిని, గుండె దగ్గర ముక్కలతోని బతుకుడు అనేది అట్లనే ఉంచిండ్రు. సినిమాలనైతే ఆ బాంబు మీద వాని కంపెనీ పేరే ఉంటది. 1996ల దివాలా పిటిషన్ పెట్టుకున్న మార్వెల్ కంపెనీని 2009ల డిస్నీ 400 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ భరోసా ఇచ్చినవాట్ల ఈ సినిమా ఒకటి.

దీనికి ఉల్టా 2009ల వచ్చిన వాచ్‌మెన్. ఆఖరి ఘట్టం మార్చినా, పుస్తకంల బొమ్మలు చానావరకు ఉన్నవి ఉన్నట్టు తెర మీదికి తెచ్చిండ్రు. ఆ కామిక్ రాసిన అలెన్ మూర్ మాత్రం తన పేరే వేయొద్దన్నడు. సినిమా అనుకున్నంత ఆడలే. పుస్తకంల ఒక బొమ్మ దగ్గర మనం ఆగుతం, ఎనకకు తిప్పుతం, ఆలోచిస్తం. సినిమా మన కోసం ఆగదు. బొమ్మను అచ్చు గుద్దినట్టు దింపినా, చదివేటప్పుడు కలిగిన ఆలోచన దానంతట అదే వెంట రాదు.

పైసలు పోస్తే అయితదా అంటే, దానికి ర్యాన్ రేనాల్డ్సే సాక్ష్యం. 2011ల గ్రీన్ లాంటర్న్ చేసిండు. దాదాపు 20 కోట్ల డాలర్ల ఖర్చు, హీరో డ్రెస్ గూడ కంప్యూటర్ల చేసిందే. వచ్చింది ఖర్చుకు జర ఎక్కువ. అందుల థియేటర్లోళ్ల వాటా తీస్తే మునిగినట్టే. అదే మనిషి 2016ల డెడ్‌పూల్ చేసిండు. ఖర్చు 6 కోట్ల లోపే, వచ్చింది 78 కోట్ల డాలర్లు. క్యాన్సర్ నయం చేస్తమన్నోళ్ల ప్రయోగంతోని మొఖం, ఒళ్లు చెడిపోయినోడు, ప్రేమించిన పిల్ల ముందుకు పోనీకి భయపడే మనిషి వాడు. ఆ ఎర్ర ముసుగు ఎందుకేసుకున్నడో మనకు తెలుసు.

పెద్ద ఆఫీసులల్ల కూసున్నోళ్లు చేతులు పెడితే ఏమైతదో 2017 జస్టిస్ లీగ్ చూపెట్టింది. ఇంట్ల విషాదం జరిగి డైరెక్టర్ జాక్ స్నైడర్ మధ్యల తప్పుకున్నడు. ఇంకో డైరెక్టర్‌ను తెచ్చి చానా సీన్లు మళ్ల తీసిండ్రు, సినిమాను 2 గంటలకు కుదించిండ్రు. ఇంకో సినిమా కోసం మీసం పెంచిన సూపర్‌మ్యాన్ నటుని మూతి మీది మీసాన్ని కంప్యూటర్ల చెరిపిండ్రు. జనం దాన్ని చూసి నవ్విండ్రు. 2021ల స్నైడర్ తన పద్ధతిల 4 గంటల సినిమా విడుదల చేసిండు. పొడుగైనా సైబోర్గ్ అనేటోనికి, వాని తండ్రికి నడుమ ఉన్న బాధ అండ్ల అర్థమైంది.

ఇప్పుడు అసలు రోగం కాడికి వద్దాం. మార్వెల్ 11 ఏండ్లు, 21 సినిమాలు తీసినంక 2019ల ఎండ్‌గేమ్ వచ్చింది. దాదాపు 280 కోట్ల డాలర్లు తెచ్చింది. అందరు దాన్ని చూసి "సినిమాలను ఒకదానికొకటి ముడేస్తే పైసలొస్తయ్" అనుకున్నరు. ఎండ్‌గేమ్ కంటే ముందు మంచిగ ఆడిన ఐరన్‌మ్యాన్, బ్లాక్ పాంథర్ దేనికది పూర్తి కథ అన్నది మర్చిపోయిండ్రు. 2023ల వచ్చిన ద మార్వెల్స్ తీరు చూడుండ్రి. ముగ్గురు హీరోయిన్లు ఎవరో సక్కగ తెల్వాలంటే ముందే ఒక సినిమా, రెండు వెబ్ సిరీస్‌లు చూసి ఉండాలె. ఖర్చే 20 కోట్ల డాలర్లు దాటింది, వసూళ్లు గూడ 20 కోట్ల కాడనే ఆగినయ్. మార్వెల్ సినిమాలల్ల అన్నిటికంటే తక్కువ అదే. అప్పటి డిస్నీ పెద్దాయన బాబ్ ఐగర్ గూడ ఎక్కువ తీసుట్ల నాణ్యత పోయిందని ఒప్పుకొని, ఏడాదికి రెండు మూడు సినిమాలకు తగ్గిస్తమన్నడు.

మంచి సినిమా అయితే ఆడుతదని గ్యారంటీ ఉన్నదా? లేదు. 2010ల స్కాట్ పిల్‌గ్రిమ్ మస్తుగుంటది, ఇప్పటికీ మెచ్చుకుంటరు, అయినా థియేటర్ల నష్టపోయింది. టైము, ప్రచారం, అదృష్టం ఇవన్నీ ఉంటయ్. కాకపోతే కథలేని సినిమా పేరు మీదనే ఎల్లకాలం ఆడుడు మాత్రం కష్టం. 2019 జోకర్ 100 కోట్ల డాలర్లు దాటితే, 2024ల దాని రెండో భాగం అండ్ల ఐదో వంతు తెచ్చింది.

ఈ ముచ్చట మనకెందుకంటే, తెలుగుల గూడ "యూనివర్స్" జోరు మొదలైంది. 2024 జనవరిల వచ్చిన హను-మాన్ కామిక్ నుంచి తీసింది కాదు గాని, ఆ పద్ధతిదే. అక్క అంజమ్మ పెంచిన చిల్లర దొంగ హనుమంతు కథ ఆ సినిమాలనే నిలబడ్డది, అందుకే తర్వాతి భాగం ప్రకటిస్తే జనం సంబురపడ్డరు. అదే ఏడాది జూన్‌ల కల్కి 2898 ఏడీ వచ్చింది. సుప్రీం యాస్కిన్‌ను ఆఖరుదాక కూసోబెట్టి, వాడు లేచే టైముకు సినిమా ఆపిండ్రు. పైసలు బాగనే వచ్చినయ్. గాని సగం కథకు పూర్తి టికెట్ తీసుకునుడు రివాజైతే, మన నిర్మాతలు గూడ మార్వెల్ పడ్డ గుంతల్నే పడతరు. ఊరి నుంచి టౌనుకు బస్ చార్జి, టికెట్, సమోస కలిపి ఒకరోజు కూలి పోతది. ఆ పైసలకు ఆ రోజే ఒక పూర్తి కథ రావాలె.

కొత్త అవెంజర్స్ సినిమా డూమ్స్‌డే 2026 డిసెంబర్ 18న అని ప్రకటించిండ్రు. ఐరన్‌మ్యాన్ చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్‌నే ఈసారి విలన్ డాక్టర్ డూమ్ చేసిండ్రు. మొఖం పాతదే కాబట్టి మొదటి రోజు జనం వస్తరు. ఆ డూమ్‌కు ఏం కావాలె, ఎందుకు కావాలె అన్నది, ముందటి సినిమాలు ఒక్కటి గూడ చూడని మన దోస్తుకు మొదటి అర్ధగంటల అర్థమైతే ఆ సినిమా నిలబడుతది. లేకుంటే మొదటి వారం దాటంగనే కుర్చీలు ఖాళీ అయితయ్.