దుంప మనది, లాభమెవరిది?

పెద్దాపురము, సామర్లకోట ప్రాంతముల సగ్గుబియ్యపు మిల్లులను నమ్ముకొని గోదావరి మెట్టసీమ రైతులు చిరకాలముగా కర్రపెండలము పండించుచున్నారని మన పాఠకులెరుగుదురు. అయినను, పండించినవాడు తన పంటకు తాను వెల చెప్పజాలకుండుటకు కారణమేమో విచారించినవారు అరుదు.

కారణము దుంపలోనే యున్నది. ఎనిమిది, పది నెలలు నేలలో పెరిగిన దుంప, త్రవ్విన రెండు మూడు దినములకే లోపల నల్లబడి చెడును. ధాన్యమువలె గాదెలో దాచుటకు వీలులేదు. మిల్లు వాకిటికి చేరిన బండిని రైతు మరలించుకొని పోలేడు, ఇచ్చినది పుచ్చుకొనవలసినదే. ఒకడు వేచియుండగలిగి, రెండవవాడు వేచియుండలేని చోట జరుగునది బేరమా?

ఈ కట్టు విప్పుటకు గ్రామమునందే సాధనములు గలవు. తొక్క తీసి, పలుచగా తరిగి, నానబెట్టి, బాగుగా ఎండబెట్టిన ముక్కలు నెలల తరబడి నిలుచును. వేయించి ఉప్పుకారములు చల్లిన చిప్సగును. పిండి పట్టించి శనగపిండి కలిపిన జంతికలగును. కేరళమున ఈ చిప్సు సామాన్యపు అంగడిసరుకు. 1963లో తిరువనంతపురమున వెలసిన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ ఇట్టి చిరుతిండ్ల తయారీపద్ధతులను రూపొందించినది.

పచ్చిదుంపలో విషపదార్థము గలదని కొందరాక్షేపింతురు. నిజమే, చేదురకములలో అది హెచ్చు. కావుననే తీపిరకములనెన్నుకొని, తొక్క తీసి, నానబెట్టి, ఎండబెట్టుట యవసరము. ఈ జాగ్రత్త నేర్పిన నేర్వలేనివారు మన గ్రామస్త్రీలలో లేరు. నేర్పువారే కరవు.

2020లో కేంద్రప్రభుత్వము సూక్ష్మ ఆహారపరిశ్రమలకు వ్యయములో నూటికి 35 వంతుల చొప్పున, 10 లక్షల రూపాయలకు మించకుండ, సహాయము ప్రకటించినది. కాని అది బ్యాంకు అప్పుతో ముడివడిన సహాయము. సెంటు భూమి లేని కూలిస్త్రీ ఒంటరిగా బ్యాంకు మెట్లెక్కి ఏమి సాధింపగలదు? సంఘముగా పోయిననే తలుపు తెరచుకొనును. అట్టి సంఘములను కూర్చి, కాగితములు వ్రాసిపెట్టి, తోడు నడచుట చదువుకొన్న పట్టణవాసుల విధి.

మిల్లులు మూతపడవలెనని మేము కోరము. రైతుకు రెండవ వాకిలి కావలెనని కోరుచున్నాము. అది యున్ననాడు మొదటి వాకిటనుగూడ అతని మాట చెల్లును.

ఒకనాడు పత్తిని పంపి బట్టను కొని మనము దరిద్రులమైతిమి. నేడు దుంపను చౌకగా పంపి, పరస్థలముల చిరుతిండి పొట్లములను పల్లెబడి పిల్లలకు సైతము హెచ్చువెలకు కొనిపెట్టుచున్నాము. ఖద్దరు కట్టుటకు సిద్ధపడిన జాతి, తన పొరుగూరి స్త్రీలు వేయించిన చిప్సు కొనుటకు సంకోచింపనేల? పఠనమందిరమున ఈ పత్రిక చదువు ప్రతివారును రేపు అంగడిలో ఈ ప్రశ్నకు బదులీయవలయును.